ప్రయాణికుల బోటుకు సరంగు (బోటు నడిపే బాధ్యుడు) అవ్వాలంటే: తిరుపతి జిల్లా వాళ్లకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి, సూళ్లూరుపేట, తడ వైపు నుంచి ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "బోటు లైసెన్సు ఏ సంస్థ ఇస్తుంది, ఎంత కట్టాలి?" ఈ ప్రశ్నతో మొదలుపెడితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి. శిక్షణ సంస్థ ఇచ్చేది కోర్సు పూర్తిచేసినట్టు కాగితం. జనం ఎక్కిన బోటును మీ బాధ్యత మీద నడిపే హక్కు వేరే కాగితంతో వస్తుంది. దాన్ని సామర్థ్య పత్రం అంటారు. ప్రభుత్వం నియమించిన అధికారి మీరు నీళ్ల మీద చేసిన సేవకు రుజువులు చూసి, పరీక్ష పెట్టి, అప్పుడు ఇస్తాడు. కోర్సు కాగితం ఆ దరఖాస్తుకు జతచేసే వాటిలో ఒకటి మాత్రమే.

కాబట్టి వరస ఇలా ఉండాలి: కళ్లు, ఒళ్లు చూపించుకోవడం, పేరు, పుట్టినతేదీ కాగితాలు సరిచేసుకోవడం, రిజిస్టరైన బోటు మీద లస్కరుగా (డెక్కు మీద సహాయకుడిగా) చేరి సేవ రాయించుకోవడం, శిక్షణ, దరఖాస్తు, పరీక్ష. చాలామంది నాలుగోదానితో మొదలుపెట్టి మొదటిదాని దగ్గర ఆగిపోతారు.

ఏ నీళ్లు, ఏ చట్టం

నదులు, కాలువలు, సరస్సులు, జలాశయాల మీద తిరిగే మరబోట్లకు ఇప్పుడు వర్తించేది అంతర్దేశీయ నౌకల చట్టం, 2021. అంతకు ముందు 1917 నాటి చట్టం ఉండేది, ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా నిబంధనలు రాసుకునేది. కొత్త చట్టం 2022 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. సిబ్బంది అర్హతలకు సంబంధించిన మ్యానింగ్ నిబంధనలు కూడా 2022లోనే వచ్చాయి. ఏ హోదాకు ఎంత వయసు, ఎంత సేవ, ఏ శిక్షణ అన్నది ఆ నిబంధనల్లోని పట్టికలో ఉంటుంది. ఎవరో చెప్పిన మాట నమ్మకుండా ఆ పట్టికను మీరే అచ్చు తీసుకుని దగ్గర పెట్టుకోండి. రాష్ట్రంలో బోట్ల రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది పత్రాల కోసం వెళ్లాల్సింది ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డు దగ్గరికి, దాని కింద ఉన్న పోర్టు అధికారుల కార్యాలయాలకు.

చట్టం నీళ్లను అలల ఎత్తును బట్టి మూడు జోన్లుగా చూస్తుంది. మూడో జోనులో అలలు 0.6 మీటరు దాటవు, రెండోదానిలో 1.2 మీటర్లు, ఒకటోదానిలో 2 మీటర్లు. బోటు ఏ జోనుకు తనిఖీ అయిందో ఆ జోనులోనే తిరగాలి. చంద్రగిరి కోట కింద చెరువులో తిరిగే బోటును సముద్రపు మొగ దగ్గరికి తీసుకెళ్లడం చట్టరీత్యా నేరం, నీటి లెక్కన ప్రాణాంతకం. అంతర్దేశీయ జలాల హద్దు దాటి సముద్రంలోకి వెళ్లే నౌకలది పూర్తిగా వేరే దారి. అక్కడ వాణిజ్య నౌకాయాన చట్టం, డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ పత్రాలు కావాలి. ఆ దారి ఈ వ్యాసంలో లేదు.

గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 12. పన్నెండుమందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్న నౌకను చట్టం ప్రయాణికుల నౌక అంటుంది. అక్కడి నుంచి సిబ్బంది మీద, ప్రాణరక్షణ సామగ్రి మీద కట్టుబాట్లు పెరుగుతాయి. అంతకంటే తక్కువమంది ఎక్కే బోటుకు కూడా రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా తప్పవు.

హోదాల సంగతి. డెక్కు వైపు కింద లస్కరు, పైన సరంగు, ఆ పైన రెండో తరగతి మాస్టర్, మొదటి తరగతి మాస్టర్. ఇంజన్ వైపు డ్రైవర్లు, ఇంజనీరు. పాత చట్టం నుంచి రేవుల్లో పాతుకుపోయిన పేర్లివి, కొత్త నిబంధనల భాషలో కొంత మారినా రేవులో అందరూ ఇవే అంటారు. డెక్కు పత్రం వేరు, ఇంజన్ పత్రం వేరు. స్టీరింగ్ పట్టడం వచ్చినవాడికి ఇంజన్ పత్రం రాదు, ఇంజన్ విప్పి బిగించగలిగినవాడికి సరంగు పత్రం రాదు. కేంద్రచట్టం కింద ఇచ్చిన పత్రం దేశమంతా చెల్లుతుంది. పులికాట్‌లో ఇది పెద్ద మేలు, ఎందుకంటే ఆ సరస్సులో ఎక్కువభాగం మన వైపు, మిగతాది తమిళనాడు వైపు. నౌకాదళం, కోస్ట్ గార్డ్, సైన్యంలో నౌక నడిపి వచ్చినవాళ్లకు "సర్టిఫికెట్ ఆఫ్ సర్వీస్" అనే వేరే దారి ఉంది. మాజీ సైనికులు మామూలు దారిలో వెళ్లేముందు దాని సంగతి కనుక్కోవాలి.

రూపాయి ఖర్చుపెట్టకముందు కంటి పరీక్ష

రాత్రిపూట బోటుకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చదీపం. ఈ రెంటినీ వేరుచేసి చూడలేని కన్ను బోటు నడపడానికి పనికిరాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం మగవాళ్లలో అంత అరుదు కాదు. అది తమకు ఉందని చాలామందికి పరీక్షదాకా తెలియదు. రంగు చుక్కల మధ్య అంకె కనిపెట్టే ఇషిహారా పుస్తకంతో పది నిమిషాల్లో తేలిపోతుంది. తిరుపతి రుయా ఆసుపత్రి కంటి విభాగంలోగానీ, ఏ కంటి డాక్టరు దగ్గరగానీ ముందు ఇది చేయించుకోండి. ఇది తప్పితే డెక్కు ఆలోచన అక్కడితో మానుకుని, ఇంకో పని వెతుక్కోవడం మంచిది. రెండేళ్లు లస్కరుగా చేసి ఈ పరీక్ష దగ్గర ఆగిపోవడం కంటే బాధ ఇంకొకటి లేదు.

దూరపు చూపు, వినికిడి, మూర్ఛ, గుండె, చక్కెర కూడా చూస్తారు. కళ్లద్దాలతో చూపు సరిపోయేవాళ్లు బోటు మీద రెండో జత అద్దాలు ఉంచుకోవాలి.

ఈత గురించి ఒక మాట. బావుల్లో, చెరువుల్లో ఈదినవాళ్లకు ధైర్యం ఉంటుంది, కానీ ప్యాంటూ చొక్కాతో ఈదిన అలవాటు ఉండదు. ఒంటిమీద బట్టలతో యాభై మీటర్లు ఈదడం, పది నిమిషాలు ఒకేచోట తేలుతూ ఉండటం, నీళ్లలో ఉండగానే లైఫ్‌జాకెట్ తొడుక్కోవడం సాధన చేయండి. పక్కన ఈత బాగా వచ్చినవాళ్లు లేకుండా మాత్రం వద్దు.

పేరు, పుట్టినతేదీ, జిల్లా

దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పేరు తర్వాత ఇంటిపేరు వస్తుంది. మూడు కాగితాలు చూసే గుమాస్తాకు మీరు ముగ్గురు మనుషులు. మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్ మార్పించుకోండి, ఎందుకంటే మెమో మార్చడం కంటే ఆధార్ మార్చడం సులువు. పుట్టినతేదీకి ఆధారం మెమోనే.

రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. సూళ్లూరుపేట, తడ, వాకాడు, నాయుడుపేట అంతకు ముందు నెల్లూరు జిల్లా. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు చిత్తూరు జిల్లా. ఒక కాగితంలో పాత జిల్లా, ఇంకోదానిలో కొత్త జిల్లా ఉంటే కంగారు అక్కర్లేదు గానీ, నివాస ధ్రువపత్రం మాత్రం కొత్తది తీసుకుని అన్నిచోట్లా ఒకే చిరునామా రాయండి.

డెక్కు మీద సేవ: అసలు పునాది

మన జిల్లాలో మరబోటు మీద పని దొరికే పెద్ద నీరు పులికాట్. తడ మండలం భీములవారిపాళెం రేవు నుంచి పర్యాటకుల బోట్లు, ఇరకం దీవికి జనాన్ని చేరవేసే బోట్లు నడుస్తాయి. తిరుపతి నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. రోజూ వెళ్లిరావడం కుదరదు, అక్కడే ఉండాలి. చంద్రగిరి కోట దగ్గరి చెరువులో బోటింగ్ ఉన్నా అది చిన్న నీరు. తాళ్లు కట్టడం, జనాన్ని ఎక్కించడం, దించడం నేర్చుకోవడానికి సరిపోతుంది, గాలినీ అలనూ నేర్పదు. ఎక్కువ అనుభవం కావాలంటే గోదావరి, కృష్ణ వైపు వెళ్లాలి.

చేరేముందు బోటు యజమానిని మూడు కాగితాలు చూపించమనండి: రిజిస్ట్రేషన్ పత్రం, తనిఖీ పత్రం, బీమా. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేని బోటు మీద మూడేళ్లు చేసినా, ఆ బోటు ఉన్నట్టే రికార్డులో ఉండదు, మీ సేవను సరిచూసే దారి అధికారికి ఉండదు. తనిఖీ గడువు ముగిసిన నెలల్లో చేసిన పనికీ ఇదే చిక్కు. చేపల పడవల మీద పెరిగిన తడ, వాకాడు కుర్రాళ్లకు నీటి పరిజ్ఞానం అందరికంటే ఎక్కువ. అయినా చేపల పడవ రిజిస్ట్రేషన్ వేరే చట్టం కిందిది. ఆ పడవలో పర్యాటకులను ఎక్కించడం తప్పు, ఆ అనుభవం ప్రయాణికుల బోటు సేవ కింద దానంతటదే లెక్కకు రాదు. వాళ్లు కూడా రిజిస్టరైన ప్రయాణికుల బోటు మీద లస్కరుగా చేరి మొదటి నుంచి రాయించుకోవాలి.

సేవా పత్రంలో ఉండాల్సినవి: బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పొడవు, ఇంజన్ శక్తి, తిరిగే నీరు, మీ హోదా, చేరిన తేదీ, విడిచిన తేదీ, యజమాని సంతకం, సరంగు సంతకం, వాళ్ల పత్రం నంబరు. "మా దగ్గర మూడు సంవత్సరాలు బాగా పనిచేసినాడు" అని లెటర్‌హెడ్ మీద రాసిస్తే అది మంచిమాట అవుతుంది, సేవా పత్రం కాదు. పని మానేసిన రోజే రాయించుకోండి. ఏడాది తర్వాత యజమాని బోటు అమ్మేసి ఉంటాడు.

దీనితోపాటు మీ సొంత నోటుబుక్కు ఒకటి. ప్రతిరోజూ ఒక గీత: తేదీ, ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది, గాలి ఎటు, మీరు చేసిన పని. నెలకొకసారి సరంగుతో సంతకం పెట్టించండి. మౌఖిక పరీక్షలో "గాలి ఈశాన్యం నుంచి ఉన్నప్పుడు మీ జెట్టీకి ఎలా చేరుస్తావు?" అని అడిగితే, ఆ పుస్తకం రాసినవాడి జవాబు వేరుగా ఉంటుంది.

ఈ కాలంలో చేతికి రావాల్సినవి చాలానే ఉన్నాయి. తాడు మెలికల్లో బౌలైన్, క్లోవ్ హిచ్, షీట్ బెండ్, ఎనిమిది ముడి కళ్లు మూసుకుని వేయగలగాలి. బౌలైన్ ఎందుకంటే ఎంత బరువు పడ్డా బిగుసుకోదు, తర్వాత సులువుగా విప్పవచ్చు; నీళ్లలో పడినవాడి నడుముకు వేసేది అదే. లంగరు వేసినప్పుడు లోతు కొలిచి, ఆ లోతుకు కనీసం నాలుగైదు రెట్లు తాడు వదలాలి. తక్కువ వదిలితే తాడు నిటారుగా లాగి లంగరును పైకెత్తేస్తుంది. కొత్తవాళ్లు తాడు ఆదా చేసి, బోటు ఎందుకు జారుతోందో అర్థంకాక నిలబడతారు.

శిక్షణ

పట్నాలో 2004 నుంచి జాతీయ అంతర్దేశీయ నౌకాయాన సంస్థ ఉంది. అంతర్దేశీయ జలమార్గాల ప్రాధికార సంస్థ కింద నడుస్తుంది. లస్కరు స్థాయి నుంచి మాస్టర్ల దాకా కోర్సులు అక్కడ ఉంటాయి. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. అక్కడ ప్రాణరక్షణ, పవర్‌బోటు నడపడం నేర్పుతారు. రెండూ మంచివే, ప్రయోజనాలు వేరు. పర్యాటక శాఖ స్పీడుబోట్ల మీద పనికి గోవా పత్రం బాగా పనికొస్తుంది. సరంగు, మాస్టర్ మెట్లు ఎక్కాలనుకునేవాళ్లు పట్నా వైపు చూడాలి. ఫీజు కట్టేముందు ఆ కోర్సు మీరు వెళ్లే పరీక్షకు గుర్తింపు ఉన్నదో కాదో మారిటైమ్ బోర్డును రాతపూర్వకంగా అడగండి, జవాబు దాచిపెట్టండి.

ప్రథమ చికిత్సలో ముఖ్యంగా నీళ్లు మింగినవాడి సంగతి నేర్చుకోవాలి. ఊపిరి లేకపోతే ముందు ఐదుసార్లు నోటితో ఊపిరి ఊది, తర్వాత రొమ్ము మీద 30 నొక్కులు, 2 ఊపిర్లు. నొక్కు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. తలకిందులు చేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తాం. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కిన నీళ్లు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఆ అలవాటును మీరు ఆపాలి.

పరీక్షలో అడిగేవి

దారి నియమాలు ముందు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి, ఎడమ పక్కలు ఒకదానికొకటి కనిపించేలా దాటాలి. అడ్డంగా వస్తుంటే, మీ కుడివైపున ఉన్న బోటుకు మీరు దారి ఇవ్వాలి. రాత్రి దీన్ని గుర్తుపట్టడం తేలిక: మీ కుడివైపు నుంచి వచ్చే బోటు తన ఎర్రదీపం చూపిస్తుంది, అంటే మీరు ఆగాలి. ఆకుపచ్చ కనిపిస్తే అది తప్పుకుంటుంది, మీరు మీ దారినే వెళ్లాలి. అయినా కన్ను దానిమీదే ఉండాలి. పక్కదీపాలు ఒక్కొక్కటి 112.5 డిగ్రీలు, స్తంభదీపం 225, వెనుక దీపం 135. పక్కదీపాలు రెండూ కలిస్తే 225, దానికి వెనుకది కలిపితే 360. ఈ కూడిక గుర్తుంటే అంకెలు మరచిపోరు.

హారన్ భాష: పొట్టి కూత ఒకటి అంటే కుడికి తిరుగుతున్నాను, రెండు అంటే ఎడమకు, మూడు అంటే ఇంజన్ వెనక్కి నడుపుతున్నాను, ఐదు అంటే నీ ఉద్దేశం నాకు అర్థం కాలేదు. పొట్టి కూత ఒక సెకను, పొడవు కూత నాలుగు నుంచి ఆరు సెకన్లు. మూడు కూతలంటే "వెనక్కి పోతున్నాను" అని చాలామంది తప్పు రాస్తారు. ఇంజన్ వెనక్కి తిప్పినా బోటు ఇంకా ముందుకే జారుతూ ఉండవచ్చు, తేడా అదే.

మనిషి నీళ్లలో పడితే: కేక వేయడం, రక్షణ చక్రం విసరడం, ఒకడిని వేలు చూపిస్తూ నిలబెట్టడం. పడినవాడు ఏ పక్క పడ్డాడో ఆ పక్కకే స్టీరింగ్ తిప్పాలి, అప్పుడు బోటు వెనుకభాగమూ ప్రొపెల్లరూ అతనికి దూరంగా జరుగుతాయి. కొత్తవాడి చెయ్యి దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. దగ్గరికి చేరేసరికి ప్రొపెల్లర్ ఆగి ఉండాలి.

నిప్పు: డీజిల్, పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు, మంట నీటిమీద తేలి పాకుతుంది. ఇంధనం కట్టేయాలి, ఇంజన్ గదిలోకి గాలి వెళ్లే దారులు మూయాలి, ఆ తర్వాత ఫోమ్ లేదా పొడి మందు.

నిలకడ: ఇక్కడ ఆగి చదవండి

పరీక్షలోనూ పనిలోనూ అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బోటు ఒరిగినప్పుడు మళ్లీ నిలబడే శక్తిని కొలిచే అంకెను జీఎం అంటారు. ఎంత ఎక్కువ ఉంటే అంత నిలకడ. అది ఎలా తరిగిపోతుందో ఒక లెక్కలో చూడండి.

రెండంతస్తుల బోటు ఒకటి, జనంతో కలిపి బరువు 12 టన్నులు. వెడల్పు 4 మీటర్లు. అందరూ కింద కూర్చున్నప్పుడు జీఎం 0.8 మీటరు. మనిషికి సగటున 75 కిలోల చొప్పున 30 మంది, అంటే 2.25 టన్నులు. కొంగలు కనిపించాయని ఈ 30 మందీ కింది డెక్కులోనే ఒక మీటరు పక్కకు జరిగారనుకుందాం. 2.25ను 1తో గుణించి, 12ను 0.8తో గుణించిన దానితో భాగిస్తే 0.234. ఇది వంపు కోణపు టాంజెంట్, అంటే 13 డిగ్రీలు. జనం కేకలు వేస్తారు, బోటు నిలబడుతుంది.

ఇప్పుడు ఆ 30 మందీ ఫొటోల కోసం పై డెక్కు ఎక్కారు, ఎత్తు 2.2 మీటర్లు. 2.25ను 2.2తో గుణించి 12తో భాగిస్తే 0.41. జీఎం అంత మేర తరిగి 0.39కి పడింది. బోటు అదే, జనం అదే, సగం నిలకడ పోయింది. నడిపేవాడికి బయటికి ఏమీ కనిపించదు. ఇప్పుడు అదే 30 మంది అదే ఒక మీటరు పక్కకు జరిగితే లెక్క 0.48, కోణం దాదాపు 26 డిగ్రీలు. ఇంత పెద్ద కోణంలో ఈ సూత్రం కచ్చితంగా చెల్లదు, కానీ ఎటు పోతుందో చూపిస్తుంది. 4 మీటర్ల బోటు 26 డిగ్రీలు ఒరిగితే ఒక అంచు దాదాపు 0.9 మీటరు కిందికి దిగుతుంది. నీటిమట్టం నుంచి డెక్కు అంచు 0.7 మీటరే ఎత్తుంటే, నీళ్లు లోపలికి వచ్చేసినట్టే.

లోపలికి వచ్చిన నీళ్లు రెండో దెబ్బ. బోటు అడుగున 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోట నీళ్లు అటూఇటూ పారుతుంటే, వెడల్పు ఘనాన్ని (2×2×2) పొడవుతో గుణించి, 12తో భాగించి, బోటు బరువుతో మళ్లీ భాగించాలి. వచ్చేది 0.22 మీటరు. ఇందులో నీటి లోతు ఎక్కడా లేదని గమనించండి. నాలుగు వేళ్ల మందం నీళ్లయినా, ఆ చోటంతా పరుచుకుని పారుతుంటే జీఎంను అంత తింటాయి. మధ్యలో నిలువుగా ఒక అడ్డుగోడ ఉంటే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. బిల్జి పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) "సాయంత్రం చూద్దాంలే" అనే వస్తువు కాకపోవడానికి కారణం ఈ లెక్కే.

2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం దగ్గర, 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ప్రయాణికుల బోట్లు మునిగాయి. కచ్చులూరులో మునిగిన బోటును అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. పులికాట్‌లోనే, తమిళనాడులోని పళవేర్కాడు వైపు, 2011 డిసెంబరు 25న పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. ఇవన్నీ జరిగిన నీళ్లు మనవే. నిలకడ లెక్కను మార్కుల కోసం బట్టీపట్టకుండా, మీరు పనిచేసే బోటు బరువూ వెడల్పూ తీసుకుని మీరే వేసి చూడండి.

దరఖాస్తు, మౌఖిక పరీక్ష

జతచేయాల్సినవి: మెమో, ఆధార్, వైద్య పత్రం, సేవా పత్రాలు, శిక్షణ పత్రాలు, ఫొటోలు, ఫీజు రసీదు. అసలు కాగితాలు పోస్టులో పంపకండి. నకళ్లు పంపి, పరీక్షరోజు అసలువి చూపించండి. వైద్య పత్రాన్ని మరీ ముందుగా తీసుకోకండి, పరీక్ష తేదీ నాటికి గడువు మీరితే మళ్లీ మొదటికి వస్తుంది.

మౌఖికంలో అధికారి చూసేది మీరు నిజంగా డెక్కు మీద ఉన్నారా అన్నది. "మీ బోటులో అగ్గిమాపక సిలిండర్లు ఎన్ని, ఎక్కడున్నాయి?", "ఇంజన్ ఒక్కసారిగా ఆగితే మొదట ఏం చేస్తావు?" లాంటివి వస్తాయి. రెండోదానికి "ఇంజన్ కవరు తీసి చూస్తాను" అన్నవాడు తప్పుతాడు. ముందు లంగరు, ఎందుకంటే ఇంజన్ చూసే లోపల గాలి మిమ్మల్ని ఎటో తీసుకెళుతుంది. తెలుగులో చెప్పడానికి భయపడకండి. పరికరం పేరు ఇంగ్లీషులో గుర్తులేకపోతే అది చేసే పని చెప్పండి.

పత్రం చేతికొచ్చాక, పులికాట్ మీద

తనిఖీ పత్రంలో ఎంతమంది ప్రయాణికులని ఉందో అంతే. చంకలో ఉన్న బిడ్డ కూడా ఒక మనిషి. జెట్టీ మీద ఒకరు, బోటు అంచున ఒకరు, ఇద్దరు వేర్వేరుగా లెక్కపెట్టాలి. అంకెలు కలవకపోతే మళ్లీ లెక్క. ఆ అంకె, బయలుదేరిన సమయం, వెళ్లే చోటు చీటీ మీద రాసి ఒడ్డున ఒకరి దగ్గర ఉంచాలి. లైఫ్‌జాకెట్ జెట్టీ మీదే తొడిగించాలి, బోటెక్కాక ఎవరూ వినరు. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి లేస్తే అది వదులు, నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది. పిల్లలకు పిల్లల సైజే.

పులికాట్ చాలాచోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు, వేసవిలో ఉత్తరం వైపు ఎండిపోతుంది. లోతు తక్కువని ప్రమాదం తక్కువ అనుకోవద్దు. తక్కువ నీటి మీద గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా వస్తాయి, బోటును వరసగా కొడతాయి. తక్కువ లోతులో వేగం పెంచితే బోటు వెనుకభాగం కిందికి కుంగుతుంది, ప్రొపెల్లర్ బురద చిలుకుతుంది, ఆ బురదే చల్లబరిచే నీళ్లతో ఇంజన్‌లోకి వెళుతుంది. అవుట్‌బోర్డు (బోటు వెనుక బయట బిగించే ఇంజన్) పక్కనుంచి చిమ్మే నీటిధార సన్నబడితే వెంటనే ఇంజన్ ఆపండి; వడపోత జల్లెడలో నాచు, వల పోగులు ఉంటాయి. ఆపకుండా ఇంకో ఐదు నిమిషాలు లాగితే పోయేది ఇంజనే. ఇసుకమేట మీద కూరుకుంటే పూర్తి వేగంతో వెనక్కి లాగొద్దు. జనాన్ని కూర్చోబెట్టి, గడకర్రతో లోతు చూసి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి రావాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. సరిగ్గా అప్పుడే ఫ్లెమింగోలు, వాటిని చూడ్డానికి జనం వస్తారు. ఉదయం వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా తాడు విప్పొద్దు. సరస్సు పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి. గుంపు మీదికి బోటు తోలి పక్షులను లేపడం ఎవరడిగినా చేయకూడదు. శ్రీహరికోటలో ప్రయోగాలున్న రోజుల్లో ఆంక్షలుంటాయి, ఒకరోజు ముందే కనుక్కోండి.

యజమాని "ఇంకో ఐదుగురే కదా, ఎక్కించు" అంటాడు. పత్రం మీద సంతకం మీది, యజమానిది కాదు. వద్దని జనం ఎక్కకముందే, జెట్టీ మీద, అందరి ముందూ చెప్పాలి. ఎక్కినవాళ్లను దించడం గొడవ. ఆ మాట అన్న తేదీ, సమయం లాగ్‌బుక్కులో రాయండి. ఏదైనా దెబ్బతగిలినా, బోటు నేలను తాకినా అధికారికి తెలియజేయాల్సిన బాధ్యత మీదే. అప్పుడు మొదట అడిగేది ఆరోజు పేజీనే. అందుకని లాగ్‌బుక్కు ఆ రోజు చివరి ట్రిప్పు తర్వాత, బోటు కట్టాక, దిగకముందే పూర్తిచేయండి: ఇంజన్ గంటలు, ఇంధనం, బిల్జి నీరు ఎంత తోడారు, మారిన తాళ్లు, ప్రతి ట్రిప్పుకూ మనుషుల లెక్క.